ఒక్క చుట్టుకు నాలుగు దమ్ములు

నిన్న సాయంత్రం మా గల్లీలోకి మున్సిపాలిటీ వాళ్ల దోమల పొగ బండి వచ్చింది. తెల్లటి పొగ తలుపు సందుల్లోంచి దూరి వంటగది దాకా వచ్చింది. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నాలో నేనే నవ్వుకున్నాను. సిద్దిపేటలో మా ఇల్లు మింగినంత పొగ ఇంకే ఇల్లూ మింగి ఉండదు. అదీ దోమల కోసం కాదు, మూరెడు పొడవున్న బొమ్మ రైలింజను కోసం.

మా ఆయనది మోటార్ వైండింగ్ షాపు. కొండపాక వైపు రైతులు కాలిపోయిన బోరు మోటార్లు తెచ్చి పడేస్తే, కొత్తగా రాగితీగ చుట్టి ఇస్తాడు. మా ఊరికి రైలు వచ్చిన కొత్తలో అందరితో పాటు ఆయనా చూడ్డానికి వెళ్లాడు. మర్నాడు రేకు ముక్కలు తెచ్చుకుని వెనక గదిలో కత్తిరించడం మొదలుపెట్టాడు. ఏమిటని అడిగితే "బొగ్గింజను" అన్నాడు. ఊరికి వచ్చింది డీజిలు ఇంజను. బొగ్గింజనును ఆయన దగ్గర నుంచి చూసిందే లేదు. ఒకటి చూసొచ్చి ఇంకోటి చేయడమేమిటో నాకు అర్థం కాలేదు.

బొగ్గింజను సంగతి తెలిసినవాడు మాలో ఒక్కడే, మా అన్న. కాజీపేట రైల్వేలో ఫైర్‌మన్‌గా ఏళ్ల తరబడి ఇంజన్లలో బొగ్గు వేసి, రిటైరయ్యాక మా ఇంటికి నాలుగు గల్లీల అవతలే ఉంటున్నాడు. కానీ అప్పటికి పదకొండేళ్లుగా మా ఆయనకూ అన్నకూ మాటల్లేవు. మా పెద్దమ్మాయి పెండ్లిలో ఏదో మాట పడిందని కొందరంటారు, అంతకు ముందే చెడిందని మరికొందరంటారు. వాళ్లనే అడిగే ధైర్యం నాకెప్పుడూ లేకపోయింది. పండుగలకు నేనొక్కదాన్నే అన్న ఇంటికి పోయి వచ్చేదాన్ని.

ఇంజను తయారై, లోపల బిగించిన చిన్న మోటారుతో రేకు పట్టాల మీద గుండ్రంగా తిరిగింది. చిక్కంతా పొగ దగ్గర వచ్చింది. మొదట గొట్టంలో అగర్‌బత్తి పెట్టాడు, ఇల్లంతా పూజ వాసన. తర్వాత సన్నతీగ చుట్టి, దాంట్లో వత్తి పెట్టి, మందుల షాపులో దొరికే పారాఫిన్ నూనె చుక్కలు వేసి వేడి చేశాడు. పొగ వచ్చింది గాని దారంలా ఒకటే తీరుగా వచ్చింది. మూడు రోజులు దాన్ని చూస్తూ కూర్చుని, నాలుగోరోజు గోడకు చెప్పినట్టు నాతో అన్నాడు. "పొగ ఎట్ల వస్తదో మీ అన్నకు ఎర్కే ఉంటది."

అలా నా తిరుగుడు మొదలైంది. అన్న నన్ను ఎగాదిగా చూసి, "దారం లెక్క వస్తే బండి నిలబడ్డట్టు చెల్లె. నడిచేటప్పుడు దమ్ము దమ్ముగ వస్తది. చక్రం ఒక్క చుట్టు తిరిగితే నాలుగు దమ్ములు" అన్నాడు. దారి పొడుగునా వల్లించుకుంటూ వచ్చాను. ఇంటికొచ్చేసరికి నా నోట్లో అది నాలుగు చుట్లకు ఒక్క దమ్ముగా మారింది. మా ఆయన చిన్న ఫ్యాను బిగించి అలాగే చేశాడు. ఇంజను అప్పుడోసారి ఇప్పుడోసారి దగ్గింది. పొగ నల్లగా రావాలని కాలిన ఇంజనాయిలు కూడా కలిపాడు. నేను ఆరేసిన చీరలు మసిబారాయి. "గిదేం ఇంజను! నువ్వు ఏం చెప్పినవే?" అని నా మీద లేచాడు. అన్న ఏమన్నాడో, నేనేం విన్నానో నాకే తెలియకుండా పోయింది. విసుగొచ్చి ఫోనులో వీడియో తీసి అన్నకు పంపాను.

మర్నాడు పొద్దున అన్న గుమ్మం ముందు చెప్పులు విడిచాడు. నన్ను దాటుకుని నేరుగా వెనక గదిలోకి వెళ్లాడు.

"నల్లపొగ ఎందుకు బావా? నల్లపొగ వస్తే మాకు సిగ్గు. బొగ్గు సక్కగ కాల్తలేదన్నట్టు. డ్రైవరు తిడుతుండె" అన్నాడు.

మా ఆయన చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది. "మరి మంచి ఫైర్‌మన్ ఏం చేస్తడు?"

"పొగ కనపడకుంట చూస్తడు."

"ఇన్ని దినాలు పొగ కోసమే గద నేను సచ్చింది!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అన్న ముందు నవ్వాడు. తర్వాత స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "బయలెల్లేటప్పుడు జోరుగ రానియ్యి. ఊపందుకున్నంక పల్చగ కావాలె."

ఆ పూట ఇద్దరూ అన్నానికి లేవలేదు. మూడు గంటలకు నన్ను పిలిచారు. ఇంజను కదిలింది. చక్రం ఒక్క చుట్టుకు నాలుగు తెల్లటి దమ్ములు వదిలింది, వేగం అందుకున్నాక పొగ పలచబడింది. అన్న కుడిచెయ్యి తనకు తెలియకుండానే పార ఎత్తినట్టు ఊగుతోంది. కాసేపటికి అరచెయ్యి పొగ గొట్టం మీద పెట్టి, తీసి చూసుకున్నాడు. "చెయ్యి కాల్తలేదు" అన్నాడు. మెచ్చుకున్నాడో బాధపడ్డాడో నాకు తెలియలేదు. మా ఆయన మాత్రం ఇంజను వైపు కాదు, అన్న మొహం వైపే చూస్తున్నాడు.

ఇప్పుడు అన్న వారానికోసారి వస్తాడు. ఇద్దరూ నూనె గురించీ వత్తి గురించీ గొడవ పడతారు. మొన్న ధైర్యం చేసి అడిగేశాను. "అసలు గన్నేండ్లు మీరెందుకు మాట్లాడుకోలే?"

అన్న మా ఆయన వైపు చూశాడు. మా ఆయన అన్న వైపు చూశాడు. "నీకు యాదుందా బావా?" అన్నాడు అన్న. మా ఆయన తల అడ్డంగా ఊపాడు.

నిజంగా మరిచారో, నా ముందు దాచారో తెలియదు. పదకొండేళ్లు మాత్రం పోయాయి. ఎందుకో తెలిసి పోగొట్టుకున్న కాలాన్ని ఎలాగో మరిచిపోవచ్చు గాని, ఎందుకో తెలియకుండా పోయిన కాలం ఈ వయసులోనూ నన్ను కూర్చోబెట్టి లెక్క అడుగుతుంది.