బాబాయ్ ఒంటి మీద సెంటు వాసన

మా బాబాయ్‌కి సెలూన్ ఉండేది. రెండు కుర్చీలు, గోడ పొడవునా అద్దం. కత్తెర ఆడినంతసేపూ ఆయన నోరూ ఆడేది. బట్టతల మనిషి వచ్చి కూర్చుంటే, క్రాపు చేయాలా, ముందు జుట్టు వెతకాలా అని సీరియస్‌గా అడిగి, వెంటనే అద్దంలో కన్ను గీటేవాడు. ఆ కన్నుగీటుకే జనం నవ్వేవాళ్లు.

ఒక ఏడాది ఆ కన్ను గీటడం మానేసింది. మాటలు అవే, మొహం మాత్రం గోడలా ఉండేది. పాతికేళ్లుగా వస్తున్న పెద్దమనిషి ఒకాయన చిన్నబుచ్చుకుని ఎదురు షాపుకి మారాడు. గడ్డం గీశాక రాసే లోషన్‌ని బాబాయ్ దోసిట్లో పోసుకుని పులమసాగాడు. ఎవరైనా ముక్కు మూసుకుంటే, అసలు వాసనే లేదు, కంపెనీ వాడు నీళ్లు కలుపుతున్నాడు అనేవాడు.

పిన్నికి షాపు సంగతులు తెలియవు. ఆమెకు తెలిసింది వేరు. మొగుడు ఇంటికొచ్చేసరికి సెంటు గుప్పుమంటోంది. తనని చూసి నవ్వడు. ఏమడిగినా ఏదో దాస్తున్నట్టు గొణుగుతాడు. నిద్రలో ఎవరితోనో గొడవపడి కాళ్లు విసురుతాడు. ఇవన్నీ కలిపి పిన్ని ఒక ఆడదాన్ని తయారుచేసింది. ఆమెకి ఒడ్డూపొడుగూ, ఉండే వీధీ కూడా పెట్టేసింది.

నన్ను పిలిపించి, ఈ కాపురం ఇక తన వల్ల కాదని, వాళ్లన్నయ్య ఇంటికి వెళ్లిపోతానని చెప్పింది. బాబాయ్ అలాంటివాడు కాదన్నాను.

"మొహం తిప్పుకుంటే కోపమని సరిపెట్టుకుందును," అంది పిన్ని. "ఎదురుగా కూర్చుని కూడా నన్ను చూడట్లేదురా."

ఆయన నిద్రలో తన్నిన తన్నుకి అప్పటికే ఆమెకు డొక్కలో నొప్పి. ప్రయాణానికి ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. దెబ్బ ఎలా తగిలిందో విన్న డాక్టరమ్మ, ఆయనకు వాసనలు తెలుస్తున్నాయా అని అడిగింది. మర్నాడు ఆయన్నీ తీసుకురమ్మంది.

బాబాయ్‌ని వరండాలో నడిపించి చూసింది. నడుస్తుంటే కుడి చెయ్యి ఊగుతోంది, ఎడమ చెయ్యి ఒంటికి అంటుకుపోయినట్టుంది. నరాల డాక్టరుకి రాసింది. ఆయన పరీక్షించి పార్కిన్సన్స్ అన్నాడు.

చేతులు వణకడం లేదు కదా అన్నాను. అందరికీ వణుకుతోనే మొదలవదట. కొందరికి ఏళ్ల ముందే వాసన తెలియకుండా పోతుంది. కలలో చేసేవన్నీ నిద్రలో ఒళ్లు చేసేస్తుంది. గొంతు తగ్గిపోతుంది. మొహం కండరాలు బిగుసుకుని, లోపలి నవ్వు బయటికి రాదు. వీటిలో ఏ ఒక్కటో కనిపిస్తే కంగారుపడక్కర్లేదు కానీ, ఇలా కలిసి వస్తే చూపించుకోవాలి అన్నాడు.

పిన్ని అంతా విని ఒక్కటే అడిగింది. "అయితే ఇంకెవరూ లేరా డాక్టరుగారూ?"

ఆయనకి అర్థం కాలేదు. బాబాయ్‌కి అయింది. కదలని మొహంతో, వినీ వినబడని గొంతుతో అన్నాడు:

"నీ ఒక్కదానికి సంజాయిషీ చెప్పుకోలేకే చస్తున్నాను. ఇంకోదాన్ని ఎక్కడ పెట్టుకోనే?"

పిన్ని పకపకా నవ్వింది. జబ్బు పేరు చెప్పిన గదిలో అలా నవ్విన మనిషిని ఆ డాక్టరు చూసి ఉండడు. ఏడుపు తర్వాత, బస్సులో వచ్చింది.

మందులు పనిచేశాయి. బాబాయ్ ఇంకా చాలా ఏళ్లు కత్తెర పట్టాడు. చివర్లో ఆయన మాట మాకెవరికీ వినబడేది కాదు. పిన్ని మంచం అంచున కూర్చుని, ఆయన నోటికి చెవి ఆనించి, ఉన్నట్టుండి నవ్వేది. ఏమన్నాడు పిన్నీ అంటే, పెద్దవాళ్ల మాటలు మీకెందుకు అనేది.