నాలుగింటి తిట్లు

రాదోయ్‌కి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎవరి చేతిలో ఫోన్ కనిపించినా "ఒక్క నిమిషం ఇస్తారా?" అంటూ చెయ్యి చాపేస్తాడు. సొజోపోల్ సముద్రతీరానికి వచ్చిన వారం రోజుల్లోనే ఐస్‌క్రీము బండివాడి ఫోనూ, ఈతగాళ్లకు కాపలా ఉండే అమ్మాయి ఫోనూ, ఆఖరికి అలల ముందు పెళ్లి ఫోటోలకు నిలబడ్డ వరుడి ఫోనూ వాడేశాడు. అదీ రోజూ సాయంత్రం సరిగ్గా నాలుగింటికే.

అతని దగ్గర సొంత ఫోన్ లేకపోవడానికి కారణం అతని అక్క నెవెనా. నెల రోజులు తమ్ముడి చేతికి ఫోన్ తగలకూడదని డాక్టరు చెప్పాడు. ఆవిడ దాన్ని గాబ్రొవోలోని ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళం తమ్ముడి తాళాల కంపెనీదే. ఇక అది జన్మలో తెరుచుకోదని ఆవిడ ధీమా.

నాలుగు కొట్టగానే తీరమంతా అతని గొంతు మోగేది. "ఏమండీ, ఇత్తడి స్ప్రింగులు ఏ అరలో పెట్టారు? అక్కడా! మీ బుర్రకి కూడా తాళం వేసేశారా? అరల లెక్కంతా మళ్లీ మొదట్నుంచి రాయండి. రేపు నేను ఫోన్ చేసేదాకా కుర్చీలోంచి లేస్తే ఊరుకోను!"

తిట్టేసి, ఫోన్‌ని చొక్కాకి తుడిచి, మర్యాదగా తిరిగి ఇచ్చేవాడు.

"ఎవర్ని రా తిడుతున్నావు? ఫ్యాక్టరీ మూతపడి మూడు నెలలైంది కదా!" అంది నెవెనా.

"తిట్టించుకునేవాళ్లు ఇంకా ఉన్నారులే అక్కా."

"డాక్టరు ఇక్కడికి పంపింది ఎందుకు? ఈ ఏడాది ఎలా గడిచిందో కాస్త కూర్చుని ఆలోచించుకోమని."

"ఆలోచించాను. దరిద్రంగా గడిచింది. ఆ వేపుడు చేపలు ఇటు జరుపు."

అతను ఆలోచించకపోయినా ఆవిడకి రోజంతా అదే ఆలోచన. ఇరవై ఆరేళ్లు నడిచిన తాళాల ఫ్యాక్టరీ. ఫిబ్రవరిలో ఒక పెద్ద హోటళ్ల యజమానికి మూడు వేల తాళాలు వెళ్లాయి. తాళాలు ఒక రకం, తాళంచెవులు ఇంకో రకం. అక్కడ అతిథులు కిటికీల్లోంచి గదుల్లోకి దూరారు. ఆ తర్వాత రాదోయ్ గుమ్మం తొక్కిన బేరగాడు లేడు. ప్రతి ఏటా పుట్టినరోజులా జరిపే అతని పేరు పండగకి వచ్చి గొర్రె మాంసం తినిపోయినవాళ్లు ఇప్పుడు అతను ఎదురొస్తే రోడ్డు దాటేస్తున్నారు. ఫ్యాక్టరీ ఉన్న చోట పరుపులు అమ్ముతున్నారు.

ఇదంతా చేసింది గోదాము చూసే స్తామెన్ అనే ముసలాయన. ఆయన పేరు తన ముందు ఎత్తొద్దని నెవెనా తమ్ముడికి గట్టిగా చెప్పింది.

ఎనిమిదో రోజు ఆవిడకి ఓపిక నశించింది. పొద్దున్నే తీరం పొడుగునా నడిచి ప్రతి గొడుగు కిందా ఆగి చెప్పింది. "మా తమ్ముడికి ఒంట్లో బాగాలేదండీ. ఫోన్ అడిగితే ఇవ్వకండి, పుణ్యముంటుంది."

నాలుగైంది. రాదోయ్ మొదటి గొడుగు దగ్గర చెయ్యి చాపాడు. లేదన్నారు. రెండో చోటా అంతే. కాసేపటికి అతను తడి ఇసకలో పరుగెడుతున్నాడు. ఇంత బొజ్జ వేసుకుని ఇలా పరుగెత్తడం నెవెనా ఎప్పుడూ చూడలేదు. నవ్వొచ్చింది కూడా.

నాలుగూ ఇరవైకి, మొక్కజొన్న పొత్తులు అమ్మే స్తోయ్కా రొప్పుతూ వచ్చింది. "అమ్మగారూ, నిన్న మీ తమ్ముడు నా ఫోన్‌లోంచి చేసిన నంబరు నుంచి ఫోనొచ్చింది. ఎవరో ఆడమనిషి, ఏడుస్తోంది."

నెవెనా ఫోన్ అందుకుంది.

"అయ్యగారు లేరా? నేను స్తామెన్ కూతుర్నండీ. ఇవాళ ఫోన్ రాలేదు. నాన్న కోటు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు, ఫ్యాక్టరీకి ఆలస్యమైందని. నా మాట వినడు. పోయిన నెల ఇలాగే వెళ్లి హైవే మీద దొరికాడు."

"ఆయనకేమైంది?"

"మతిమరుపు జబ్బండీ. చలికాలంలోనే మొదలైంది, మాకు తెలియలేదు. ఇప్పుడు అన్నీ మర్చిపోయాడు, ఉద్యోగం తప్ప. అయ్యగారు రోజూ తిట్టి పని చెబితేనే కుర్చీలో కూర్చుంటాడు."

నెవెనాకి ఒక్కసారిగా అన్నీ గుర్తొచ్చాయి. ఆ తాళాలు, ఆ తాళంచెవులు, తమ్ముడి నెరిసిన జుట్టు. ఫోన్ పెట్టేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది, నిజంగానే అనిపించింది.

"ఆయనకి ఇవ్వమ్మా," అంది.

అవతల దగ్గు వినిపించింది. నెవెనా గొంతు సవరించుకుంది. "ఏమయ్యా స్తామెన్! బుద్ధుందా నీకు? ఎక్కడి పని అక్కడ వదిలేసి ఎక్కడికి బయల్దేరావు? ఇంతమంది పొట్ట కొట్టావు, చాలదా? కూర్చో!"



"అమ్మా," అన్నాడు ముసలాయన మెల్లగా, "మీరెవరో గానీ మీకు తిట్టడం రాదు. మీరు నిజంగానే కోప్పడుతున్నారు. మా అయ్యగారికి ఇవ్వండి."

అప్పటికి రాదోయ్ వచ్చి పక్కన నిలబడి ఉన్నాడు, ఒళ్లంతా చెమట, మొహం ఎర్రగా. అక్క వైపు చూడలేక సముద్రం వైపు చూస్తున్నాడు. నెవెనా ఫోన్ అందించింది. అతను ఒక్క అరుపు అరిచాడు. సముద్రపు కాకులు లేచిపోయాయి. అవతల ముసలాయన హాయిగా నవ్వి, "అదీ! కోటు విప్పేస్తున్నాను అయ్యగారూ," అన్నాడు.

స్తామెన్ మీద నెవెనాకి కోపం పోలేదు. పోతుందని కూడా ఆవిడ అనుకోలేదు. స్తోయ్కా దగ్గర రెండు పొత్తులు కొని, పెద్దది తమ్ముడి చేతిలో పెట్టింది.

"రేపు నీకు గొంతు బొంగురు పోతే ఎలా? కోపం లేకుండా తిట్టడం నాకూ కాస్త నేర్పరా," అంది.