భీమమ్మ తెర మీద చేసిన సేద్యం

పత్తికొండ చుట్టుపక్కల పండే పైర్లలో భీమమ్మ చేయి పడనిది లేదు. వేరుశనగ, కంది, కొర్ర, వానకు పండే టమాటా, ముప్పయ్యేళ్ళుగా అన్నీ వేసిన మనిషి. మట్టిని పిడికిట పట్టి పదును చెప్పేది. ట్రాక్టరు మాట్లాడటం, మార్కెట్టుకు సరుకు తోలటం భర్త గోపన్న చూసుకుంటే, ఏ చేనిలో ఏం వేయాలన్నది ఆమె మాట. అలాంటి మనిషి యాభై రెండో ఏట ఒక్క గింజ పండించలేక ఊరంతటినీ పస్తులుంచింది.

ఆ ఊరు ఉన్నది కూతురు శివలీల కంప్యూటరులో.

శివలీల బెంగుళూరులో వీడియో గేములు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో పనిచేస్తుంది. ఆట జనంలోకి వెళ్ళకముందే ఆడి చూసి, ఎక్కడ తప్పుందో రాసి పంపడం ఆమె ఉద్యోగం. ఆ వేసవిలో రెండు నెలలు ఇంటినుంచే పని చేసుకోమంటే ఊరికి వచ్చింది. అప్పుడు ఆమె చేతిలో ఉన్నది ఊరు కట్టే ఆట. గుప్పెడు మనుషులతో మొదలుపెట్టి, ఇళ్ళు వేసి, బావి తవ్వి, చేను దున్నించి ఊరిని పెంచుకుంటూ పోవాలి.

ఒక మధ్యాహ్నం భీమమ్మ విత్తనాలకని వేరుశనగ కాయలు వొలుస్తూ కూతురి పక్కన కూర్చుంది. తెర మీద పచ్చటి మళ్ళు కనిపించాయి.

"అదేం పైరే?"

"గోధుమ, మా. చేను ఎంత కావాల్నో గీసి, ఇంతమంది కూలోళ్ళని చెప్తే వాళ్ళే విత్తుకుంటారు. ఒకే పైరు ఏటేటా వేస్తే భూమి సారం తగ్గుతాది. నడాన బఠాణీ వేస్తే మళ్ళా పెరుగుతాది."

భీమమ్మ చేతిలోని చేట పక్కన పెట్టింది. ఉలవ వేసిన నేల మరుసటేడు ఎలా పండుతుందో ఆమెకు తెలుసు. ఆ సంగతి ఆట చేసినవాళ్ళకు కూడా తెలిసినందుకు ఆశ్చర్యపోయింది. "నేనొకసారి చేస్తా, ఇట్లియ్యి" అంది.

శివలీల ఆమెకు కొత్త ఊరొకటి తెరిచి ఇచ్చింది. భీమమ్మ పెద్ద చేను గీసింది. ఎనిమిదిమందిని పెట్టింది. ఆటలో వసంతం వచ్చింది. కూలీలు గట్టు మీద నిలబడ్డారు. ఆమె మాత్రం విత్తమనలేదు.

"నొక్కు మా."

"పదును యాడుండాది? వాన పడనీ."

వాన పడేసరికి ఎండాకాలం సగమైంది. అప్పుడు విత్తించింది. పైరు జానెడు లేచిందో లేదో, ఆకాశం నుంచి తెల్లగా ఏదో రాలడం మొదలైంది.

"ఏందే అది, పత్తి మాదిరి?"

"మంచు మా. ఇంక పైరు సచ్చిపోతాది. ఈ ఆటలో వాన ఊరికే చూసేదానికి. పడినా పడకున్నా పైరుకు పట్టదు."

"వాన లేకుండానే పండుతాదా?" అని భీమమ్మ అడిగింది. నమ్మలేక మళ్ళీ అదే అడిగింది. ఆ చలికాలంలో ఆమె ఊళ్ళో తిండి లేక సగంమంది పోయారు.

మరునాటి నుంచి ఆమె వసంతం మొదటిరోజే విత్తించింది. ఆటలో రెండేళ్ళు బాగానే గడిచాయి. మూడో ఏడు మళ్ళీ ఆకలి. శివలీల ఆడుతున్న ఊరికీ వారం నుంచి అదే గతి. భూసారం నిండుగా ఉంది, కూలీలకు కొదవ లేదు, అయినా మంచు పడే వేళకు సగం పైరు చేనులోనే ఉంటోంది. శివలీల అంకెల పట్టికలు ముందేసుకుని వెతుకుతోంది. భీమమ్మకు ఆ అంకెలు పట్టలేదు. తెర మీది నీలం చొక్కా మనిషినొకణ్ణి పట్టుకుని వాడినే చూస్తూ కూర్చుంది.

"ఈయప్ప యాడికి పోతాండాడు?"

వాడు ఒక మోపు కోసి, ఏటి పక్కనున్న గాదె దాకా మోసుకుపోయాడు. అక్కణ్ణించి ఆకలేసి ఊరి ఆ చివరనున్న ఇంటికి పోయి తిన్నాడు. మళ్ళీ చేనికి తిరిగొచ్చేసరికి కోతకాలంలో పెద్ద ముక్కే కరిగిపోయింది.

"కోసేది తక్కువ, నడిచేది ఎక్కువ. ఇంగ పైరు ఇంటికెట్ల వస్తాది?"

ఇద్దరూ కలిసి గాదె పక్కనే చిన్న చేను గీసి, దాని అంచునే రెండిళ్ళు వేశారు. కూలీలు సగంమందే, అయినా మంచు రాకముందే గింజంతా గాదెకు చేరింది. శివలీల లెక్కేస్తే, దూరపు చేనిలో కూలీ పొద్దులో పదింట ఏడు వంతులు నడకకే పోతోందని తేలింది. ఆ సంగతి కంపెనీకి వివరంగా రాసింది.

భీమమ్మను ఇంకొకటి తొలిచింది. తిండి చాలనప్పుడు కొందరు మూటలు నెత్తిన పెట్టుకుని బాట పట్టి పోతున్నారు.

"వాళ్ళు మళ్ళా ఎప్పుడొస్తారు?"

"రారు మా. పోతే పోయినట్లే."

భీమమ్మ ఒప్పుకోలేదు. ఆమె పుట్టిల్లు కోసిగి. చిన్నప్పుడు ఏటా అమ్మానాన్నలతో గుంటూరు మిరప కోతలకు పోయి, తొలకరికి ముందు తిరిగొచ్చి ఇంటి తాళం తీసిన మనిషి. "బువ్వ లేకుంటే పోతారు, సేద్యం కాలానికి వస్తారు. ఎందుకు రారో అడుగు వాళ్ళని" అంది. శివలీల అదీ రాసి పంపింది.

పది రోజులకు జవాబొచ్చింది. చేను దూరమైతే కూలీలు తిండి వెంట తీసుకుపోయేలా మారుస్తామన్నారు. వలసపోయినవాళ్ళు తిరిగి రావడం గురించి తమలో ఎవరికీ తోచలేదని, ఆలోచిస్తున్నామని రాశారు.

"సద్ది కట్టుకోకుండా చేనికి ఎవరన్నా పోతారా?" అంది భీమమ్మ. మొహంలో సంతోషం మాత్రం దాగలేదు.

శివలీల బెంగుళూరు వెళ్ళిపోయింది. జూన్‌లో పదునుకు సరిపడా వాన పడింది. ఎప్పటిలాగే రెండు మైళ్ళ దూరంలోని గుట్టకింది చేనికి టమాటా, ఊరి పక్క చేనికి వేరుశనగ అనుకుని గోపన్న ట్రాక్టరు మాట్లాడబోయాడు.

"ఈసారి తిరగేద్దాం" అంది భీమమ్మ. "టమాటాకు మూడు దినాలకొక కోత. వేరుశనగకు అన్ని తూర్లు పోయే పని లేదు."

"ఇన్నేండ్లు లేంది ఇప్పుడేమొచ్చె? ఆ బొమ్మలు చెప్పినాయా?"

"బొమ్మలేం చెప్పలే. నేను చూసినా."

గోపన్న గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. ఆ ఏడు టమాటా కోత ఎండెక్కకముందే అయిపోయేది. కూలికొచ్చే ఆడవాళ్ళు తొందరగా ఇళ్ళకు చేరుకుని, నడక తప్పిందని అన్నారు. కాని గుట్టకింద వేరుశనగ ఊడలు దిగి కాయ కట్టే వేళకు అడవిపందులు పడి ఒక మూలంతా పెళ్ళగించేశాయి. టమాటా జోలికి అవి ఎన్నడూ ఇంతగా రాలేదు.

భీమమ్మ పాడైన మూల చూసి, గట్టు మీదినుంచే కూతురికి ఫోన్ చేసింది.

"లీలా, మీ ఆటలో పందులుండాయా?"

"లేవు మా. ఏమిటికి?"

"గుట్ట పక్కన చేను గీస్తే రావల్ల గదా. రాసి పంపు" అని, పందులు రాకుండా పాత చీరలు చేని చుట్టూ కట్టించడానికి గుంజలు ఎన్ని కావాలో అడుగులతో కొలుచుకుంటూ నడిచింది.