హోట్గి రోడ్డులో ఆరు వారాల డ్యూటీ

సోమవారం, ఉదయం ఏడు నలభై. హోట్గి రోడ్డులో మాజీ సైనికుల చికిత్స శిబిరం గేటు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. సంచిలో డిశ్చార్జి బుక్కు, తువ్వాలు, మా ఆవిడ సత్తెమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టె. హుకుం: ఆరు వారాలు, వారానికి మూడు రోజులు, ఎనిమిది నుంచి పది వరకు. ముందు వ్యాయామం, తర్వాత మనసు డాక్టరు. ఖర్చంతా సర్కారుది.

ఆ చివరి మాటే నాకు మింగుడు పడలేదు. పదకొండేళ్లు ఫౌజులో ఉన్నాను. ఒక జత మేజోళ్లకు మూడు సంతకాలు పెట్టించుకున్న సర్కారు, నేను ఇల్లు చేరిన మూడేళ్లకు నా చెయ్యి గురించి బెంగపెట్టుకుందంటే నమ్మేదెలా?

కుడిచేతి మూడు వేళ్లను ఉత్తరాన మంచుకొండ మీది కాపలా పోస్టులో చలి కొరికేసింది. సరిగా వంగవు. దాజీ పేట్‌లో మా ఇంట్లో నాలుగు పవర్‌లూమ్‌లు. బావమరిది నడుపుతాడు. నేను చుట్టపు చూపుగా వచ్చినవాడిలా అరుగు మీద కూర్చుంటాను. సత్తెమ్మ బీడీలు చుడుతూనే పోరు పెట్టింది.

"పోయి రా. చెయ్యి మంచిగైతే మంచిదే. కాకుంటే పాయె. మింగుతరా ఏంది నిన్ను?"

గేటు దగ్గర నీలం నగర్ మనిషి ఒకడు కలిశాడు. ఫిరంగి దళంలో గన్నర్‌గా చేసి, మోకాలు పోయి వచ్చినవాడు. నన్ను పక్కకు లాగాడు.

"కసరత్తు జేయి అన్నా, పర్వా నై. గా లోపలి అర్రల కూసున్నోనికి మాత్రం ఏం జెప్పకు. ఏదడిగినా మాలూమ్ నై అను. వాడు డాక్టర్ కాదు, ఎంక్వైరీకి అచ్చినోడు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. నా దగ్గర ఎంక్వైరీ చేయాల్సిన సంగతి ఒకటి ఉంది మరి.

మొదటి వారం వేడి మైనం, రబ్బరు బంతి. ఫిజియో మేడమ్ మరాఠీ ఆవిడ, గట్టి మనిషి. రెండో వారం ఒక దారపు కండె తెచ్చి నా ముందు పెట్టింది.

"మీరు మగ్గం వాళ్లు కదా. తెగిన పోగులు ముడేసినట్టు ముడులు వెయ్యండి. రోజుకు యాభై."

లోకంలో ఇన్ని కసరత్తులుండగా ముడే ఎందుకు? ఈవిడకు ఎవరు చెప్పారు? "హోత్ నాహీ, మేడమ్," కావట్లేదని చెప్పి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నిజానికి వేళ్లు అప్పటికే కొంచెం వంగుతున్నాయి. రెండు వారాలు కావాలనే వంచలేదు. బంతి పట్టే వేళ్లకు దారం బరువా అన్నట్టు ఆవిడ నన్ను చూసేది.

లోపలి గదిలో మేజర్ డాక్టరు. ఒక బల్ల, రెండు కుర్చీలు. నిద్ర ఎలా ఉంది? ఠీక్, సాబ్. తిండి? ఠీక్. కోపం? ఠీక్. ఆయన కలం కదిలినప్పుడల్లా నా నోరు మూతపడేది.

నాలుగో వారం, బుధవారం. ఎలా వెయ్యాలో నాకే నేర్పుదామని మేడమ్ తనే రెండు పోగులు ముడేసి లాగింది. ముడి జారిపోయింది. ఆవిడ నవ్వింది. నేను తట్టుకోలేకపోయాను. ఎనిమిది యాభైకి, పిలవకుండానే లోపలి గదిలోకి వెళ్లి, సావధాన్‌లో నిలబడి చెప్పేశాను.

పోస్టులో నలుగురం. పద్దెనిమిది వేల అడుగుల పైన. యాంటెన్నా మీద మంచు దులపడానికి సిగ్నల్ ఆపరేటర్ గట్టు అంచుదాకా వెళ్లాలి. వాడి నడుముకు తాడు, ఇవతలి కొస నా చేతిలో. అది పొట్టిదైంది. ఇంకోటి కలిపి ముడెయ్యమని సుబేదార్ నాకు హుకుం ఇచ్చాడు. ఫౌజు నేర్పిన ముడి నాకు వచ్చు. కానీ చేతులు ఏడేళ్లప్పుడు మా నాయన నేర్పిన మగ్గం ముడి వేశాయి. బిగువుగా ఉండే పోగులో ఆ ముడి ఎన్నటికీ వీడదు. గడ్డకట్టిన తాడు వేరు. వదులై గాలికి కొట్టుకుంటే దానంతటదే విప్పుకుంటుంది. మధ్యాహ్నం రెండు పదికి వాకీటాకీలో సిగ్నల్ వాడి గొంతు: "రస్సీ ఢీలీ హై. ఖీంచ్." తాడు వదులైంది, లాగమని. అంతే, మనిషి గట్టు కిందికి పోయాడు.

"తాడు తెగిందని రిపోర్టు రాశారు, సాబ్. తెగలేదు. నా ముడి జారింది. ఇది ఎవరికి పంపుతారు?"

"ఎక్కడికీ పంపను."

నేను నమ్మలేదు. ఫైలు చూపించమన్నాను. ఆయన నా వైపు తిప్పాడు. నెల రోజులుగా నేను ఠీక్ అన్న ప్రతిచోటా ఇలా రాసుంది: నిద్ర లేదు. భయపడుతున్నాడు. ఏమీ చెప్పడం లేదు. ఇంకో ఫైలు ఆయన ఇంట్లో ఉండే ఉంటుందనుకున్నాను. తర్వాత కూడా చాలా నెలలు పోస్ట్‌మన్ మా వీధిలోకి వస్తే లోపలికి పోయి తలుపేసుకునేవాణ్ని.

"తప్పు నాదేనా, సాబ్?"

ఆయన కలం మూసి పక్కన పెట్టాడు. "ముడి తప్పే. మీరు కావాలని చేయలేదు. రెండూ నిజమే."

కాదు, నీ తప్పేం లేదు అని ఉంటే మళ్లీ ఆ గది తొక్కేవాణ్ని కాదు. తప్పే అన్నాడు కాబట్టి నమ్మాను. మిగిలిన రెండు వారాలు రోజుకు యాభై ముడులు వేశాను. ఆయన ముందు కూర్చుని ఏడ్చాను కూడా. సిగ్గేసింది, కానీ ఏడ్చాను.

చివరి రోజు పది గంటలకు వదిలారు. సైకిల్ మీద పదకొండుకు దాజీ పేట్ చేరాను. షెడ్డులో బావమరిది తల ఎత్తకుండానే కేకేశాడు. "బావా, పోగు తెగింది, జర సూడు." పనిలో పడి నోరు జారాడు. నాలుక కరుచుకుని తనే లేవబోయాడు. ఆగమన్నాను. ముడెయ్యడానికి నిమిషం పట్టింది. మగ్గం నడిచింది.

సత్తెమ్మ బీడీల చాట ఒళ్లో పెట్టుకుని గుమ్మంలోంచి చూస్తోంది. ఆమె పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. అంతా విన్నాక, డాక్టరు కూడా అడగనిది అడిగింది.

"ఖీంచ్ అన్నడు గదా. గుంజినవ్ గదా నువ్వు. చేతికి ఏం తాకింది?"

"ఏం తాకలే."

గ్లౌజులు తీసేసి మరీ లాగాను, బరువు తెలుస్తుందేమోనని. వేళ్లు పాడైంది అక్కడే. కొస చేతికొచ్చేదాకా లాగాను. తాడు తేలిగ్గా, పోగులా వస్తూనే ఉంది.