శెట్టెమ్మ ఆవు, మా అత్త పెళ్లి, నాయన క్యాసెట్టు

ఆ రోజుల్లో ఇంట్లో భక్తి నిలుపుకోవడం ఇప్పుడున్నంత సులువు కాదు. ఇప్పుడైతే తెల్లారేసరికి నా ఫోనులో నలుగురైదుగురు పాస్టర్లు వరుసగా కాచుకుని ఉంటారు. ఎవరి వాక్యం కావాలంటే వారిది వినొచ్చు, నచ్చకపోతే వేలితో పక్కకు తోసేయొచ్చు (తప్పేననుకోండి, అయినా తోస్తుంటాను). డెబ్బైల చివర చిత్తూరులో మా ఇంట్లో సాయంత్రం కుటుంబ ప్రార్థన జరగాలంటే మాత్రం మూడు కావాలి: ఒక బైబిలు, ఒక పాటల పుస్తకం, ఒక ఇంటి పెద్ద. మొదటి రెండూ మా గూట్లో భద్రంగా ఉండేవి. మూడోదే దొరికేది కాదు. మా నాయన చిత్తూరు–తిరుపతి రూట్లో ఒక ప్రైవేటు బస్సుకు డ్రైవరు. మా వీధిలో దీపాలు వెలిగే వేళకు ఆయన పూతలపట్టు దాటి ఎక్కడో హారను కొడుతూ ఉండేవాడు.

మా అవ్వకు, అంటే నాయన వాళ్లమ్మకు, ఇది పెద్ద దిగులు. "ఇంటి పెద్ద నోట రాని ప్రార్థన ఉప్పు లేని సంగటి గదమ్మా, యాడ దిగతాది గొంతులో?" అనేది. అమ్మ ప్రార్థన చేస్తే అవ్వకు వినపడేది కాదు. చిన్నత్త చేస్తే వీధి చివరిదాకా వినపడేది, అదీ అవ్వకు నచ్చేది కాదు. (చిన్నత్త నాయనకు చెల్లెలు, ఆసుపత్రిలో నర్సు. ఆమె గొంతు విని జ్వరాలు దిగిపోయేవని చెప్పుకునేవాళ్లు.) నేను చేస్తానంటే, "నువ్వు ముందు లెక్కలు చెయ్యి" అని అందరూ ఒకే మాట మీద ఉండేవాళ్లు.

అందుకని నాయన మా భక్తికి సాయపడే వస్తువులు ఒక్కొక్కటే తేవడం మొదలుపెట్టాడు. మొదట రోజుకొక వాక్యం ఉండే చింపుడు క్యాలెండరు వచ్చింది. అవ్వకు ఏదైనా వాక్యం నచ్చిందంటే ఆ కాగితం చించనిచ్చేది కాదు. "దీన్ని ఇంకా నమలాల, ఉండనీ" అనేది. ఆ లెక్కన బళ్లకు దసరా సెలవులు ఇచ్చేసినా మా గోడ మీద జూన్ నెలే నడుస్తుండేది. ఆ తర్వాత రేడియోలో ప్రసంగం పెట్టుకున్నాం. ప్రసంగీకుడు గొంతు పెంచి అసలు మాటకు వచ్చేసరికి గరగరమని ఆయన మునిగిపోయి, ఏదో అర్థంకాని భాషలో హుషారైన పాట తేలేది. అవ్వ దానికి కూడా ఆమెన్ అనేది. పోస్టులో బైబిలు పాఠాలు కూడా తెప్పించాం. జవాబులు నేను రాశాను, సర్టిఫికెట్టు నాయన పేరు మీద వచ్చింది, దాన్ని బస్సులో డ్రైవరు సీటు పైన అంటించుకున్నాడు.

ఇవేవీ లాభం లేదని, చివరికి నాయన మద్రాసు నుంచి ఒక టేపు రికార్డరు తెచ్చాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం తలుపులు మూసి, మమ్మల్నందరినీ పెరట్లోకి తరిమి, తన ప్రార్థనను తానే క్యాసెట్టులోకి ఎక్కించాడు. ఆ రోజు నుంచి సాయంత్రం పాట అయిపోగానే అవ్వ "మీ నాయన్ని పెట్టు" అనేది, నేను మీట నొక్కేదాన్ని. ఇంట్లో ఇంకెవరికీ ఆ మీటలు చేతకావు కాబట్టి నాకు కాస్త గర్వం కూడా ఉండేది. నాయన ప్రార్థనకు ఒక వరుస ఉంది. మొదట వాన, తర్వాత అవ్వ మోకాళ్లు, తర్వాత పక్కింటి శెట్టెమ్మ ఆవు గౌరి, తర్వాత నా లెక్కలు, తర్వాత చిన్నత్త పెళ్లి, చివర బస్సు బ్రేకులు. మోకాళ్ల దగ్గర పాలవాడి సైకిలు బెల్లు కూడా రికార్డయిపోయింది. ప్రతి సాయంత్రం ఆ బెల్లుకు అమ్మ కళ్లు మూసుకునే గిన్నె కోసం చెయ్యి చాపేది.

చిక్కేమిటంటే లోకం మారుతుంది, క్యాసెట్టు మారదు. నేను లెక్కల్లో తప్పింది ఒక్క పరీక్షలోనే. ఆ తర్వాత కిందామీదా పడి గట్టెక్కాను. కానీ "మా పెద్దపాప లెక్కల్లో తప్పింది ప్రభువా, దాని తలకాయిలో రవ్వంత ఎలుగు పెట్టు" అని నాయన దేవుడికి చెబుతూనే ఉండేవాడు. ఒకసారి తప్పినదాన్ని రోజూ తప్పేదాన్ని. శెట్టెమ్మ సంగతి వేరు. వాళ్ల గౌరి ఎన్నాళ్లకూ చూడి కట్టకపోతే, "మీ దేవుని చెవిలో కూడా ఒక మాట ఎయ్యప్పా" అని నాయనను అడిగిందట. క్యాసెట్టు మొదలుపెట్టాక గౌరి ఈనింది. మరుసటి ఏడు మళ్లీ ఈనింది. దాంతో శెట్టెమ్మ నొసట ఇంత కుంకుమతో వచ్చి మా గడప మీద కూర్చుని, "మా గౌరి వచ్చిందా, పొయ్యిందా?" అని అడిగి, టేపులో ఆ పేరు వచ్చినప్పుడు రెండు చేతులూ జోడించి దండం పెట్టి వెళ్లేది. నాయన ఇంకో క్యాసెట్టు చేస్తానంటే అవ్వా శెట్టెమ్మా ఒకటైపోయి ఒప్పుకోలేదు. పనిచేసే ప్రార్థనను ఎవరైనా మారుస్తారా అని వాళ్ల వాదన. చిన్నత్త మాత్రం పళ్లు కొరికేది. "ఆవుకు రెండు దూడలొచ్చె. నాకు ఒక మొగుడు రాలేదే!" అనేది.

రాకపోవడానికి కారణం అందరికీ తెలుసు. చిన్నత్త నోరు. రెండు సంబంధాలు దాదాపు కుదిరి, ఎవరో చెవిలో వేయడంతో వెనక్కి పోయాయి. మూడోది తిరుపతి నుంచి వచ్చింది. అబ్బాయి బడిపంతులు, ఫొటోలో బుద్ధిగా ఉన్నాడు. చిన్నత్త ఆ ఫొటో చూసి, "ఈ మొగం యాడో చూసినట్టు ఉండాదే" అని, తీసుకెళ్లి తన పాటల పుస్తకంలో పెట్టుకుంది. అంతకుముందు పాడని పాటలన్నీ రోజూ పాడుతూ ఆ పుస్తకాన్ని తెరవడం చూసి అమ్మ నవ్వుకునేది. "ఇది గూడా తప్పిపోతే ఇంక నేను ఎవురి ముందరా కూచోను" అని చిన్నత్త తేల్చి చెప్పేసింది. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం ఆమె గొంతు చిన్నదైపోయింది. అందుకే మా అందరికీ భయం పట్టుకుంది.

పెళ్లిచూపులకు వాళ్లు వచ్చారు. అబ్బాయి, వాళ్ల అమ్మ, వాళ్ల నాయన. అబ్బాయి వచ్చినప్పటి నుంచి నోరు విప్పలేదు. వాళ్ల అమ్మ వందనాలు చెప్పి, కూర్చుని, బోండా కొరుకుతూ, "మాకు ఇంకేమీ వద్దమ్మా. దినామూ ప్రార్థన జరిగే ఇంటి పిల్ల గావాల, అంతే" అంది. ఆ పూట నాయన ట్రిప్పు మార్చుకుని ఇంట్లో ఉండవలసింది. అప్పుడే ఇంకో బస్సు కండక్టరు వీధిలోంచే కేకేశాడు: "అమ్మో, పూతలపట్టులో టైరు పేలింది, అన్న రావాలంటే ఆలీసెమైతాది!" అమ్మ ముఖం పాలిపోయింది. ఇంటి పెద్ద లేడు కదా, ప్రార్థన ఇంకో రోజు పెట్టుకుందాం అని ఆమె గొణిగేలోపే గడప మీద నుంచి శెట్టెమ్మ అందుకుంది. "ప్రార్థనకేం కొదవమ్మా ఈ ఇంట్లో? టేపులో పెట్టి ఉండాది! మా గౌరి రెండుసార్లు ఈనింది దాంతోనే. ఇనిపించు పాపా!"

పెళ్లికొడుకు అమ్మ మురిసిపోయింది. "టేపులో పెట్టి పొయ్యినాడా! ఎంత భక్తి! మా ఇంట్లో మనిషి ఎదురుగా ఉండీ నోరు తెరవడు" అని భర్త వైపు చూసింది. ఆయన బోండా వైపు చూశాడు. ఇక తప్పదని నేను టేపు రికార్డరు తేవడానికి లోపలికి వెళితే చిన్నత్త నా చెవి పట్టుకుంది. "మే, గౌరి అయిపోతానే నొక్కేయి. నీ లెక్కలకాడికి గూడా పోవద్దు. పొయ్యినావో, చూడు!" నా లెక్కలు కూడా తప్పించుకుంటాయి కదా అని నేను సంతోషంగానే ఒప్పుకున్నాను.

అందరం మోకరించి కళ్లు మూసుకున్నాం. వాన వచ్చింది, మోకాళ్లు వచ్చాయి, బెల్లు మోగింది, అమ్మ చెయ్యి చాపింది. గౌరి వచ్చింది, శెట్టెమ్మ దండం పెట్టింది. నేను టక్కున ఆపేశాను. అయితే నేను మరిచిపోయిన సంగతి ఒకటుంది. మా వాళ్లలో ఆమెన్ పడనిదే ఎవరూ కళ్లు తెరవరు, లేవరు. పైకప్పు కూలినా సరే, ఆమెన్ తర్వాతే. నేనే సన్నగా "ఆమెన్" అన్నాను.

"నువ్వంటే సెల్లదు" అంది అవ్వ కళ్లు మూసుకునే. "టేపు నిలిచిపోయినట్టుండాది, నొక్కు."

"తొందర లేదమ్మా, సగం ప్రార్థనలో లేస్తామా?" అంది పెళ్లికొడుకు అమ్మ, ఆమె కూడా కళ్లు మూసుకునే.

"మా గౌరికి ఇంకా ఆమెన్ పడలా!" అంది శెట్టెమ్మ.

టేపును కాస్త ముందుకు తిప్పేస్తే చిన్నత్త దాటిపోతుంది కదా అనుకున్నాను. (లెక్కల్లో రాని వెలుగు అప్పుడు వచ్చింది.) కానీ కంగారులో వెనక్కి తిప్పాను. పాలవాడి బెల్లు మళ్లీ మోగింది, గౌరి మళ్లీ వచ్చింది, శెట్టెమ్మ ఆనందంగా మళ్లీ దండం పెట్టింది. ఇంకోసారి మీట ముట్టుకునే ధైర్యం నాకు లేకపోయింది. నాయన నన్ను లెక్కల్లో తప్పించి, గొంతు సవరించుకుని, తీరిగ్గా తన చెల్లెలి దగ్గరికి వచ్చాడు.

"ప్రభువా, మా చెల్లెలికి మంచి సంబంధం సూడు. పిల్ల బంగారం. నోరు మాత్రం పెద్దది. సూది పొడిస్తే అరిచినారని రోగుల్ని గూడా తిడతాది. ఈ సంగతి నీకు తెలుసు, మాకు తెలుసు. వొచ్చేవాళ్లకు మాత్రం తాళి పడేదాకా తెలియనీయొద్దు తండ్రీ."

ఆ తర్వాత బ్రేకులు ఉన్నాయి. ఆ బ్రేకులంత పొడుగైన ప్రార్థన నేను మళ్లీ వినలేదు. చివరికి నాయన "ఆమెన్" అన్నాడు. ఎవ్వరూ కళ్లు తెరవలేదు.

వంటింటి తలుపు దబ్బున తెరుచుకుంది. చిన్నత్త చేతిలో గరిటెతో బయటికొచ్చింది. "అన్న రానీ ఈ పొద్దు! నేనేమన్నా ఊరికే తిట్నానా? చెయ్యి కదిపితే సూది ఇరగదా? కట్టు తడపొద్దని సిలక్కి చెప్పినట్టు చెప్తే, తడుపుకోనొస్తే, ముద్దు పెట్టుకుంటారా?" అంటూ, తాను ఎక్కడ ఎవరి ముందు ఉందో చూసుకుని ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఆ టేపు రికార్డరును నెత్తికెత్తుకుని పారిపోవాలనిపించింది.

అప్పుడు మొదటిసారి పెళ్లికొడుకు నోరు విప్పాడు. "కట్టు తడుపుకోని వొచ్చింది నేనేమ్మా" అన్నాడు వాళ్ల అమ్మతో, మోచెయ్యి చూపిస్తూ. "చిత్తూరులో చెయ్యి ఇరిగినప్పుడు కట్టు కట్టింది ఈమే. నన్ను గూడా ఇట్లే తిట్టింది. అందుకే గదా ఈడికే పోదామంటిని."

చిన్నత్త గరిటె దించి ఆ ముఖాన్ని తేరిపార చూసింది. ఎక్కడ చూసిందో ఇప్పుడు గుర్తొచ్చినట్టుంది. తిట్టినవాళ్లందరినీ గుర్తు పెట్టుకోవాలంటే ఆమెకు మాత్రం వీలవుతుందా? "చెయ్యి నేరుగా అతికిందా?" అని అడిగింది, గొంతు బాగా తగ్గించి. పెళ్లికొడుకు నాయన అంతదాకా దాచుకున్నదంతా కలిపి "ఆమెన్!" అన్నాడు. అంత గట్టిగా ఆయన మాట్లాడగలడని వాళ్ల ఇంట్లోవాళ్లకే తెలియదట. అందరూ నవ్వుతుండగా నాయన మసి చేతులతో గుమ్మంలోకి వచ్చి, "ప్రార్థన అయిపోయిందా?" అని అమాయకంగా అడిగాడు.

పెళ్లయ్యాక కూడా క్యాసెట్టు మారలేదు. కొత్త మామ భోజనానికి వచ్చినప్పుడల్లా, తన భార్యకు మంచి సంబంధం చూడమని నాయన వేడుకుంటుంటే, ఆయన కూడా మోకాళ్ల మీద ఉండి బుద్ధిగా వినేవాడు. నేను లెక్కల్లో తప్పుతూనే డిగ్రీ పాసయ్యాను. చివరికి ఒక వానాకాలం టేపు లోపల చుట్టుకుపోయి, నలిగి, తెగింది. నాయన పోయి కూడా చాలా ఏళ్లయింది. ఆయన గొంతు మళ్లీ వినాలని నాకు ఎంతగా అనిపిస్తుందో చెప్పలేను. వినగలిగితే, లెక్కల్లో తప్పించినా ఏమీ అనుకోను.

ఇప్పుడు మా ఇంట్లో సాయంత్రం ప్రార్థన నేనే చేస్తాను. నాకూ ఒక వరుస ఏర్పడిపోయింది. వాన, నా మోకాళ్లు, పిల్లల చదువులు... ఒక్కోసారి మోకాళ్లకూ చదువులకూ మధ్య, ఎప్పుడో కాలం చేసిన ఆవు కోసం "గౌరి చూడి కట్టాలి ప్రభువా" అనేస్తాను. పిల్లలు ఒక కన్ను తెరిచి ఒకరినొకరు చూసుకుని కిసుక్కుమంటారని నాకు తెలుసు. నేనూ ఒక కన్ను తెరిచే ఉంటాను కదా. అయినా ఎవరూ లేవరు. నేనింకా ఆమెన్ అనలేదు.