ముట్టుకోని నోటీసు

ఆనందమ్మ కాగితం ముట్టుకోదు. ఓటరు స్లిప్పులు పంచేవాళ్లు గడప మీద పెట్టి పోవాల్సిందే. కొరియరు మనిషి సంతకం అడిగితే పక్కింటివాళ్లను కేకేస్తుంది. తిరుపతిలో కూతురి దగ్గరికి వచ్చి ఏడేళ్లయినా రేషన్ కార్డును దూరం నుంచి చూడటమే తప్ప చేత్తో పట్టుకున్నది లేదు.

ఊరికే పట్టిన పిచ్చి కాదది. నగరిలో ఉన్న రోజుల్లో ఆమె మొగుడు మునస్వామి, సొంత అన్న చూపించిన కాగితం మీద మారుమాట లేకుండా వేలిముద్ర వేశాడు. ఉన్న మూడు సెంట్ల స్థలం అన్నపాలైంది. మునస్వామి ఆ దిగులుతోనే పోయాడు. ఆనందమ్మ మరమగ్గాల షెడ్డులో కండెలు చుట్టి కూతుర్ని నర్సింగ్ చదివించింది. "కాగితం ముట్టుకుంటేనే గదా మనల్ని పట్టుకునేది" అనేది ఆమె జీవితంలో నేర్చుకున్న ఒకే ఒక్క న్యాయశాస్త్రం. దాన్ని నమ్మి ఆమె చేసిన పని ఒకటుంది. పదకొండేళ్లుగా అది కడుపులోనే ఉంది.

కూతురు కృపామణికి ముప్పై ఏడేళ్లు. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. పదిహేనేళ్ల కిందట చిత్తూరులో, మేనమామ వాళ్ల చర్చిలో, గూడూరు నిమ్మకాయల మండీలో పనిచేసే జయరావుతో ఆమె పెళ్లి జరిగింది. గూడూరులో రెండేళ్లు కాపురం చేసింది. మాటకు ముందు చెయ్యి లేపే మొగుడితో వేగలేక నగరికి వచ్చేసింది. మరికొన్నేళ్లకు జయరావు గూడూరు చర్చిలో మరో పెళ్లి చేసుకున్నాడని తెలిసింది. అది దొంగ పెళ్లి అనుకుని ఊరుకుంది.

ఆసుపత్రి ల్యాబులో పనిచేసే సుకుమార్ ఆరేళ్ల కిందట ఆమెను పెళ్లి చేసుకుంటానన్నాడు. కృపామణికీ ఇష్టమే. "కోర్టులో విడాకులు తీసుకుంటా మా" అని తల్లితో అంది కూడా. "కోర్టు మెట్లు ఎక్కితే మన బతుకులు బజారున పడతాయి, వద్దు బిడ్డా" అని ఆనందమ్మ రెండు రోజులు అన్నం మానేసింది. కూతురు ఆ మాట విని సుకుమార్‌కు కుదరదని చెప్పింది. అతను ఇంకెవరినీ చేసుకోలేదు. ఈ జూన్‌లో మళ్లీ అడిగాడు. ఈసారి కృపామణి తల్లిని అడక్కుండానే సరేనంది.

ఇద్దరూ ఆనందమ్మను వెంటబెట్టుకుని పాస్టరు విజయ్ కుమార్‌ దగ్గరికి వెళ్లారు. ఆయన అంతా విన్నాడు.

"మూడు ఆదివారాలు చర్చిలో మీ పెండ్లి ప్రకటన చదవాలమ్మా. మొదటి పెండ్లి తెగినట్టు కోర్టు డిక్రీ నకలు, సీలుతో ఉండేది, నా చేతిలో లేకుండా చదవలేను" అన్నాడు. "జయరావు రెండో పెండ్లి చర్చిలోనే అయిందంటివి గదా. ఆడి పాస్టరు గూడా ఇట్లాంటి కాగితం సూడకుండా చేసుండడు. నీకు తెలీకుండానే డిక్రీ యాడో ఉండాది. కొత్తగా కేసు వేసేదానికి ముందు దాన్ని ఎతుక్కో" అన్నాడు.

పక్కన కూర్చున్న ఆనందమ్మ తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంది.

ఆ కాగితం ఏ ఊరి కోర్టులో ఉందో ఆమెకు తెలుసు. పదకొండేళ్ల కిందట, కృపామణి డ్యూటీకి పోయిన ఒక పగలు, చిత్తూరు కోర్టు అమీనా నోటీసు పట్టుకుని నగరిలో వాళ్ల ఇంటికి వచ్చాడు. జయరావు విడాకులకు వేశాడని, కూతురికి ఇమ్మని చెప్పాడు. ఆనందమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. వారం తర్వాత మళ్లీ వచ్చాడు. మళ్లీ తీసుకోలేదు. మూడోసారి ఆయన విసుక్కుని తలుపుకు అంటించి పోయాడు. ఆనందమ్మ దాన్ని అప్పుడు కూడా ముట్టుకోలేదు. నీళ్లు చల్లి, నానబెట్టి, చీపురుకట్టతో గీకేసింది. నోటీసు అందకపోతే కేసు నడవదు, కేసు నడవకపోతే కాపురం తెగదు, తెగకపోతే ఏనాటికైనా అల్లుడు వచ్చి పిల్చుకుపోతాడు అనుకుంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు. నోటీసు వద్దంటే అందినట్టే కోర్టు రాసుకుంటుందని ఆమెకు చెప్పినవాళ్లు లేరు. కూతురికి చెబుదామని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. ఆలస్యమైన కొద్దీ ఆ మాట బరువెక్కింది.

వెతుకులాట మొదలైంది. కృపామణి ముందు ఫోన్‌లో కోర్టుల వెబ్‌సైటు తెరిచి తన పేరు, జయరావు పేరు కొట్టి చూసింది. ఏమీ రాలేదు. సెలవు పెట్టి తిరుపతి కోర్టుకు వెళ్లింది. "మీరు ఆఖరున కాపురం చేసింది యాడ? ఆ కోర్టులో అడగండి" అన్నారు. ఇంకో సెలవు పెట్టి గూడూరు వెళ్లింది. అక్కడివాళ్లు నెల్లూరు పొమ్మన్నారు. నెల్లూరులో మూడేళ్ల రిజిస్టర్లు చూసి, ఆ పేర్లతో ఏమీ లేదన్నారు. రైల్లో నిలబడి తిరిగొచ్చిన కూతురు కాళ్లు బారజాపి గోడకు ఆనుకుని కూర్చుంటే ఆనందమ్మ కాఫీ ఇచ్చింది. ఇవ్వాల్సింది కాఫీ కాదని ఆమెకు తెలుసు.

"యాడా లేదు మా," అంది కృపామణి. "కొత్త కేసు వేస్తే ఎన్నేండ్లు పట్టాలనో. ఆయప్పను ఇంగా ఎన్నేండ్లు ఆగమనేది? వద్దని చెప్పేస్తా."

గ్లాసు కింద పెట్టి, సుకుమార్‌కు చెయ్యడానికి ఫోన్ తీసింది. ఆనందమ్మ ఆ ఫోన్ మీద చెయ్యి పెట్టింది.

"చిత్తూర్లో అడగలేదే."

"చిత్తూర్లో ఎందుకుంటాది? ఆడ ఒక్క పూట గూడా కాపురం చెయ్యలేదే."

"పెండ్లి ఆడే గదా అయింది. పెండ్లైన ఊర్లో గూడా వెయ్యచ్చంట."

"నీకెవరు చెప్పినారు?"

"కోర్టు అమీనా చెప్పినాడు," అంది ఆనందమ్మ. ఇక ఆగలేదు. మూడుసార్లు రావడం, చేతులు వెనక్కి పెట్టుకోవడం, చీపురుకట్ట, అన్నీ చెప్పేసింది. చెబుతున్నంతసేపూ నేలను చూస్తూనే ఉంది.

కృపామణి అరుస్తుందనుకుంది. ఆమె అరవలేదు. "ఆరేండ్లు మా," అంది. "నేను విడాకులు తీసుకుంటానంటే అన్నం మానేసినావే. అప్పటికే తెగిపోయుండాది గదా." లేచి లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఆనందమ్మ గడప దగ్గరే కూర్చుని ఏడ్చింది. అన్నం మానేసిన నాటిలా ఇందులో నాటకం లేదు.

సోమవారం కృపామణి ఒక్కతే చిత్తూరు బస్సెక్కబోతే ఆనందమ్మ వెనకే ఎక్కి కూర్చుంది. కూతురు రమ్మనలేదు, వద్దనలేదు.

కోర్టు ఆవరణలో బాలచంద్ర అనే వకీలు గుమాస్తా దొరికాడు. ముప్పై ఏళ్లుగా అక్కడే అర్జీలు రాసే మనిషి. "ఏ సంవత్సరం?" అన్నాడు. కృపామణి తల్లి వైపు తిరిగింది. రెండు రోజుల తర్వాత తల్లి ముఖం చూడటం అదే మొదలు.

"మీ నాయన పోయిన పదో ఏడు. ఆయన తద్దినం..." అని నాలుక కరుచుకుని, చర్చి మాటకు మార్చి, "జ్ఞాపకార్థ కూటం అయిన నెల" అంది ఆనందమ్మ. లెక్క కడితే రెండు వేల పద్నాలుగు ఆగస్టు అయింది.

"అంత కచ్చితంగా తెలిస్తే సగం పని అయినట్టే" అన్నాడు బాలచంద్ర. ఇద్దరి పేర్లు, సంవత్సరం రాసి, కోర్టు ఫీజు స్టాంపు అంటించి, ముందు వెతుకులాట దరఖాస్తు వేయించాడు. "పేరుకు ఎదురుగా ఓపీ నంబరు, అంటే కేసు నంబరు, దొరుకుతాది. ఆ నంబరు, డిక్రీ తేదీ వేసి నకలుకు ఇంకో దరఖాస్తు పెట్టాల. నువ్వు ప్రతివాదివి కాబట్టి ఆధార్ జిరాక్సు చాలు. బయటోళ్లయితే ఎందుకు కావాల్నో ప్రమాణపత్రం రాసివ్వాల. ఇంకొకటమ్మా, స్టాంపులు కట్టమని బోర్డు మీద లిస్టు వేస్తారు. దాన్ని సూసుకోకపోతే గడువు దాటి దరఖాస్తు కొట్టేస్తారు. సగం మంది ఈడే బోల్తా పడతారు."

నంబరు దొరికింది, నకలుకు దరఖాస్తూ వేశారు. ఆ తర్వాత కృపామణికి సెలవు దొరకలేదు. బోర్డు చూడటానికి ఆనందమ్మ రోజూ చిత్తూరు పోయి వచ్చింది. చదువు రాదు కనుక, కూతురు చీటీ మీద రాసిచ్చిన దరఖాస్తు నంబరును బోర్డు మీద అంకెలతో ఒక్కొక్కటిగా పోల్చుకుంది. చీటీని మాత్రం పైట కొంగులో పెట్టి పట్టుకునేది. నాలుగో రోజు నంబరు కనిపించింది. బాలచంద్రను వెతికి స్టాంపులు కట్టించింది.

నకలు తీసుకోవడానికి ఇద్దరూ వెళ్లారు. సీలున్న ఐదు పేజీలు. వరండాలో నిలబడి కృపామణి చదువుతుంటే ఆనందమ్మ ఆమె ముఖం చూస్తూ నిలబడింది. మూడో పేజీ దగ్గర కూతురి కళ్లు ఆగాయి.

"ప్రతివాది తల్లి నోటీసు తీసుకోవడానికి నిరాకరించింది, తలుపుకు అంటించినారు, ప్రతివాది హాజరు కాలేదు," అని తెలుగులో చెప్పింది. "నువ్వు గూడా ఉండావు మా దీంట్లో."

అంతే అంది. తిరుగు ప్రయాణంలో కిటికీ పక్క సీటు తల్లికి వదిలింది.

శనివారం సాయంత్రం పాస్టరు ఇంట్లో ప్రకటన ఫారం నింపారు. డిక్రీ నకలు చూసుకుని ఆయన పక్కన పెట్టుకున్నాడు. సుకుమార్ సంతకం చేశాడు. కృపామణి చేసింది. పెళ్లికూతురి తరఫున సాక్షి ఎవరని పాస్టరు అడిగాడు. ఆసుపత్రిలో కృపామణి స్నేహితురాలు నాగవేణి అందుకే వచ్చింది, పెన్ను కూడా తీసింది.

కృపామణి ఆ ఫారాన్ని బల్ల మీద తల్లి ముందుకు జరిపింది.

"దీన్నన్నా ముట్టుకో మా," అంది.

ఆనందమ్మ రెండు చేతులూ పైటకు తుడుచుకుంది. ఎడమ చేత్తో కాగితాన్ని అదిమి పట్టుకుని, సిరా అంటిన బొటనవేలు ఆనించింది. మరీ గట్టిగా నొక్కడంతో ముద్ర అలికిపోయింది. పాస్టరు పక్కనే ఇంకొకటి వేయమన్నాడు. ఆమె వేసింది.