గడ్డిసంచి మాట

అమెరికా ఫోన్లకు జవాబు చెప్పడం నేర్పే కోచింగ్ అది, మదనపల్లెలో. నా పక్క సీటు పిల్లది పుంగనూరు. కోర్సు చివర కుప్పంలో సెలెక్షన్. అందులో గట్టెక్కితే ఉద్యోగం. ఆ పిల్లకు అది దక్కి తీరాలి. వాళ్ళమ్మ ఒక్కతే రెండు ఆవులతో ఇల్లు నెట్టుకొస్తోంది.

సారు రోజూ బోర్డు మీద అమెరికా స్లాంగ్ రాసి బట్టీ పట్టించేవాడు. పడుకుంటానని చెప్పడానికి ‘హిట్ ద సాక్’. బాగుందనడానికి ‘కూల్’. ఒకరోజు టీ టైములో ఆ పిల్ల ఫోనులో “అమ్మా, ఈడనే ఉండాను, తిన్న్యాలే” అంది. అది సారు చెవిన పడింది. అందరి ముందూ నిలబెట్టాడు.

“ఇంకోసారి ఈ మోటు మాట వినబడితే నువ్వు కుప్పం పోవు.”

క్లాసంతా పకపకా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం బస్సులో కూర్చుని, ఆ మాటలు ఎక్కడ పుట్టాయో ఫోనులో వెతికాను. సాక్ అంటే సంచే! పరుపు లేనివాళ్ళు సంచిలో గడ్డి కుక్కి దాని మీద పడుకునేవాళ్ళట. కూల్ అనే మాటను ఊరూరికీ మోసింది నల్లజాతి వాద్యగాళ్ళట, తెల్లవాళ్ళు వాళ్ళను పక్కన కూర్చోనివ్వని కాలంలో. ఓరి నీ సోకు! వాళ్ళ గడ్డిసంచి మాట మాకు చదువు, మా ఆవుల కొట్టం మాట మాకే మోటా?

మర్నాడు సారును మొహం మీదే అడిగేశాను.

“ఎక్కడ పుడితే నీకెందుకమ్మా? అది చెల్లుతుంది, ఇది చెల్లదు” అన్నాడాయన, బోర్డు తుడుస్తూ.

నేను మళ్ళీ నోరు తెరవబోతే ఆ పిల్ల నా చున్నీ పట్టి లాగింది. “ఊరుకో అక్కా, నా కొంప ముంచొద్దు.”

ఆ రోజు నుంచి ఆ పిల్ల నాతో కూడా పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడింది. సెలెక్ట్ అయింది. ఇప్పుడు కుప్పంలో హాస్టల్లో ఉంటోంది. నన్ను తీసుకోలేదు. పోనీ, పీడా పోయింది.

మొన్న పుంగనూరు బస్టాండులో వాళ్ళమ్మ, బిడ్డ పక్కన చదివినదాన్నని గుర్తుపట్టి, నా చెయ్యి పట్టుకుంది.

“నా బిడ్డ నంబరు మారిందామ్మా? ఫోను చేస్తే ఎవురో పెద్దింటి పిల్ల ఎత్తింది. ‘అమ్మా, నేను ఇక్కడే ఉన్నాను, భోజనం చేశాను’ అనింది. గొంతు మా పిల్లది మాదిరే ఉండాది, మాట మాత్రం దానిది కాదు. నా బిడ్డకు ఇయ్యి తల్లీ అంటే, ఫోను పెట్టేసింది.”